పొర తీయని బిళ్ళ

మా బావ కారు తాళానికి మూడు చొక్కాలు. కంపెనీ ఇచ్చిన నల్లటి ఒంటి మీద రబ్బరు తొడుగు, రబ్బరు మీద తోలు సంచి, ఆ రెంటినీ కలిపి జిప్పున్న ప్లాస్టిక్ కవరు. మీట నొక్కాలంటే కవరు మీంచే నొక్కుతాడు. వేళ్ళ చెమట తగిలితే మీటల మీద గుర్తులు చెరిగిపోతాయట. అయిదేళ్ళయినా ఆ గుర్తులు చెరగలేదు. అవి ఎలా ఉంటాయో మా అక్క చూడనూ లేదు.

ఆ ఇంట్లో ఏ వస్తువూ ఒంటి మీద గుడ్డ లేకుండా ఉండదు. టీవీ రిమోటు కవరులో ఉంటుంది. ఫ్రిజ్ తలుపు మీద కొన్ననాటి నీలం పొర అలాగే ఉంది, అంచులు లేచి ఫ్యాను గాలికి రెపరెపలాడుతూ. సోఫాలో కూర్చున్నవాడు లేస్తే కవరు కూడా మర్యాద కోసం అతనితో పాటు కాస్త లేస్తుంది. కారు సీట్లకు ఫ్యాక్టరీలో తొడిగిన కవర్లు, స్టీరింగుకు కవరు, ఆఖరికి పక్క అద్దాల మీద కూడా సన్నటి పొర. ఎందుకు బావా అని ఒకసారి అడిగాను. రేపు అమ్మాల్సి వస్తే కొత్తదని చెప్పుకోవచ్చు అన్నాడు. ఎవరికి, ఎప్పుడు అని అడగలేదు. పెద్దవాళ్ళను రెండో ప్రశ్న అడగకూడదని మా ఇంట్లో నేర్పారు. నేను చదివిన కాలేజీలో కూడా అందుకు విరుద్ధంగా ఏమీ నేర్పలేదు.

అక్క మందుల దుకాణంలో పని చేస్తుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి, చీటీ చూసి పొట్లాలు కట్టడం ఆమె పని. మొన్నీమధ్య ఆ దుకాణం వాళ్ళు ఇళ్ళకు మందులు చేరవేయడానికి ఒక చిన్న వ్యాను కొన్నారు. మూడు నెలల్లోగా లైసెన్సు తెచ్చుకుంటే వ్యాను నీ చేతికిస్తా, లేదంటే మా మేనల్లుడికిస్తా అన్నాడు యజమాని. అక్క రెండు నెలలు తెల్లారకముందే లేచి, ఇంటిపని ముగించుకుని డ్రైవింగు బడికి వెళ్ళింది. మొదటిసారి పరీక్ష తేదీ వచ్చినప్పుడు, టైర్లలో గాలి సరిగా లేదని బావ కారు తీయనివ్వలేదు. ఇది రెండోసారి. ఇదీ తప్పితే మూడు నెలల దాకా తేదీ దొరకదు. ఆలోగా యజమాని మేనల్లుడు ఆ వ్యానులో పాటలు పెట్టుకుని ఊరంతా తిరుగుతుంటాడు. బడి కారు మొదటి తేదీకి ముందే గేరుపెట్టె పోయి షెడ్డులో పడి ఉంది కాబట్టి బావ కారే దిక్కు. ఇస్తానని ఆయన ముందురోజు మా అందరి ముందూ మాట ఇచ్చాడు. ఇచ్చిన మాటకు కూడా కవరు తొడిగి దాచుకుంటాడని మాకు తట్టలేదు.

పరీక్ష పదకొండింటికి. ఎనిమిదింటికి బావ నాకు ఫోను చేశాడు.

"ఏమోయ్ డిగ్రీ, ఉన్నపళంగా బయల్దేరు. తాళం పలకడం లేదు."

డిగ్రీ అన్నది ఆయన నాకు పెట్టిన పేరు. మా ఇంటా వంటా మొదట పట్టా పుచ్చుకున్నవాణ్ణి నేనే. చదివింది చరిత్ర. అయినా ఇస్త్రీపెట్టె వేడెక్కకపోయినా, ఎవరి మోకాలు నొప్పెట్టినా నాకే కబురు వస్తుంది. చదువుకున్నవాడు కదా అంటారు. నా చదువు వేరు, ఇస్త్రీపెట్టె వేరు అని మొదట్లో చెప్పి చూశాను. అది వినయం అనుకుని ఇంకా ఎక్కువ పిలవడం మొదలుపెట్టారు. తర్వాత చెప్పడం మానేశాను. పిలిచి పీట వేస్తుంటే వద్దనడానికి మనసొప్పలేదు. ఆ రోజు జరిగినదాంట్లో నా తప్పు అక్కడే ఉంది.

నేను వెళ్ళేసరికి అక్క తయారై ఉంది. ఇస్త్రీ చేసిన బట్టలు, బిగించి కట్టిన జుట్టు, కాళ్ళకు బూట్లు, చేతిలో కాగితాల ఫైలు. వంటింటి గుమ్మానికి ఆనుకుని గోడ గడియారం వైపు చూస్తోంది. హాల్లో బల్ల మీద పాత దుప్పటి పరిచి, దాని మీద తాళాన్ని పడుకోబెట్టి, బావ పక్కన కూర్చుని ఉన్నాడు. వరండాలో అక్క మామగారు పేపరు చదువుకుంటున్నారు. నన్ను చూసి తల ఊపి, పేజీ తిప్పారు.

ముందు వేరే దారులున్నాయేమో కనుక్కున్నాను. ఇలాంటి తాళాల కడుపులో అవసరానికి ఒక ఇనుప తాళంచెవి ఉంటుంది కదా, అది ఏదీ అన్నాను. నడుస్తుంటే గలగలమంటోందని తీసి భద్రంగా పెట్టాడట. ఎక్కడ? కారు లోపల, ముందు అరలో. కారుతో ఇచ్చిన పుస్తకం? అదీ ఆ అరలోనే, సీలు విప్పని కవరులో. కారు తెరవడానికి కావలసినవన్నీ కారులోనే క్షేమంగా ఉన్నాయి. పోనీ రెండో తాళం? అది బీరువాలో, అట్టపెట్టెలో, కంపెనీ కవరులో అయిదేళ్ళుగా వెలుతురు చూడకుండా ఉంది. తీసి నొక్కితే అదీ పలకలేదు. వాడకుండా దాచినా బ్యాటరీ చచ్చిపోతుందని బావకు ఆ రోజే తెలిసింది. తెలిసినా నమ్మలేదు. ముట్టుకోనే లేదు కదా అంటూ, ఎవరో రహస్యంగా వాడి పెట్టేసినట్టు అక్క వైపు చూశాడు.

"ఏం కంగారు లేదు," అన్నాడు. "నేనేమైనా ముందుచూపు లేనివాణ్ణా? బ్యాటరీ నెల కిందటే కొని పెట్టా."

లోపలికి వెళ్ళి ఒక చిన్న డబ్బా తెచ్చాడు. డబ్బాలో దూది. దూది మీద బిళ్ళ బ్యాటరీ, పురిటి గదిలో బిడ్డలా. రెండు వేళ్ళతో తీసి నా అరచేతిలో పెట్టాడు. తళతళలాడిపోతోంది. కొత్తదానికి ఆ మాత్రం మెరుపు ఉండదా అనుకున్నాను.

తాళం చొక్కాలు విప్పడానికే పావుగంట పట్టింది. రబ్బరు తొడుగు అయిదేళ్ళ కాపురంలో ఒంటికి అతుక్కుపోయింది. ఫోనులో వీడియో పెట్టి చూస్తే అందులో ఎవరో ఒకడు చిన్న చాకు మొనతో రెండు క్షణాల్లో తాళాన్ని రెండు చిప్పలు చేసేశాడు. బావ ఫోను బోర్లించి, వాడిది వేరే కారు అన్నాడు. చాకు వద్దన్నాడు. స్క్రూడ్రైవరు వద్దన్నాడు. చివరికి గోళ్ళు కత్తిరించే కట్టరులోని ఆకురాయికి ఒప్పుకున్నాడు, దాని మొనకు గుడ్డ చుట్టే షరతు మీద. నేను అతుకులో దాన్ని దూర్చి తిప్పుతుంటే మెల్లగా, మెల్లగా అంటూ నా చెవిలో ఊపిరి పీలుస్తున్నాడు. గుడ్డ జారి ఆకురాయి కర్రుమంది. వరండాలో పెద్దాయన గొంతు సవరించుకున్నారు. మేమిద్దరం అటు చూడలేదు.

ఆ పెద్దాయన గురించి రెండు మాటలు చెప్పాలి. బజారులో ఒక మేడమెట్ల కింద అద్దాల బల్ల పెట్టుకుని ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆయన వాచీలు బాగుచేశారు. కంటికి భూతద్దం తగిలించుకుని, ఆ బల్ల మీద ఆయన మార్చిన బిళ్ళ సెల్లులు పోగేస్తే మా నీళ్ళ తొట్టి నిండి పొర్లేది. బావ చదువు ఆ బల్ల మీదే నడిచింది. చదువు వల్ల ఆఫీసులో కుర్చీ వచ్చింది. కుర్చీ వచ్చిన ఏడాదికి ఆయన తండ్రి పని 'వాచీల వ్యాపారం' అయింది. పోయినేడు ఆఫీసువాళ్ళు భోజనానికి వచ్చినప్పుడు ఒకాయన, నా వాచీ ఆగిపోయిందండీ అన్నాడు. పెద్దాయన ఇలా ఇవ్వండి అని చెయ్యి చాపారు. బావ ఆ చేతిలో మంచినీళ్ళ గ్లాసు పెట్టి, నాన్నగారు ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నారు అన్నాడు. మర్నాడు ఆయన పనిపెట్టె అటకెక్కింది. అప్పటి నుంచి ఎవరూ అడగనిదే పెద్దాయన దేనికీ సలహా చెప్పరు. అడిగేవాళ్ళు ఎలాగూ లేరు. ఆ ఇంట్లో కవరు లేనిది ఆయనకొక్కరికే అని నేను అనుకునేవాణ్ణి. నిజానికి ఆయనకు తొడిగిందే అన్నిటికన్నా మందం.

తాళం తెరుచుకుంది. పాత బిళ్ళ తీశాను. కూడిక గుర్తు ఏ వైపు ఉందో చూసుకుని, కొత్త బిళ్ళ అలాగే పెట్టి, రెండు చిప్పలూ నొక్కి మూశాను. బావ తాళం అందుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, కింద వీధిలో ఉన్న కారు వైపు గురిపెట్టి నొక్కాడు. కారు ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ తెరిచి, తుడిచి, పెట్టాను. బోర్లించి పెట్టాను. రెండో తాళం తెరిచి అందులో పెట్టాను. కారుకు చీమ కుట్టినట్టయినా లేదు.

అప్పటికి తొమ్మిదిన్నర. అక్కడి నుంచి పరీక్షల ఆఫీసుకు అరగంట దారి.

"పుస్తకాలు బట్టీపడితే సరిపోదోయ్," అన్నాడు బావ. "నిన్ను అని ఏం లాభంలే. నీకు పట్టా ఇచ్చినవాళ్ళననాలి."

బ్యాటరీయే మంచిది కాదేమో, ఇంకొకటి కొందాం అన్నాను. డబ్బాలో పెట్టి, దూది వేసి దాచిన బ్యాటరీ ఎలా చెడిపోతుందని ఆయన నా మీద కోప్పడ్డాడు. పైగా బ్యాటరీలు అమ్మే దుకాణం తెరిచేది పదిన్నరకు. కాబట్టి లోపం కారులో ఉందని తేల్చాడు. తేల్చాక ఆయన ముఖం చూశాను. బిగుసుకుని ఉన్న దవడలు వదులయ్యాయి. పొద్దుటి నుంచి మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇంక మన చేతుల్లో ఏముంది? రేపు షోరూమువాళ్ళను పిలుద్దాం," అన్నాడు, అక్కతో ఎంతో ప్రేమగా. "పరీక్ష ఎక్కడికి పోతుంది చెప్పు, మళ్ళీ వస్తుంది. అయినా ఈ రద్దీలో ఆడవాళ్ళు..."

మిగతా సగం మింగేశాడు. కానీ ఆయన కవర్లన్నీ అవతల ఏముందో కనిపించే రకం.

అక్క ఏడవలేదు. దెబ్బలాడలేదు. ఫైలు బల్ల మీద పెట్టి వరండాలోకి వెళ్ళింది.

"మామయ్యగారూ, ఆ తాళంలో సెల్లు కాస్త చూసి పెట్టండి."

పేపరు చప్పుడు ఆగింది. "నన్నేనా అమ్మా?"

"మిమ్మల్నే. ఈ పని తెలిసింది ఇంట్లో మీరొక్కరే. పొద్దున్నే అడగాల్సింది. నాకూ బుద్ధి లేకపోయింది."

"అది వాచీ కాదు కదమ్మా, కారు," అన్నారు పెద్దాయన, హాల్లోకి వినపడేలా.

ఆ ఎత్తిపొడుపు బావకు అందలేదు. "అదే నేనూ అంటున్నా నాన్నా. ఇది ఎలక్ట్రానిక్ సామాను."

"వాచీలో మరేముంటుందిరా, ఊకా?"

పెద్దాయన లేచి లోపలికి వచ్చారు. బల్ల దగ్గర నిలబడి, కూర్చోకుండా, నా పెట్టె కావాలి అన్నారు. నేను స్టూలు కోసం కదిలాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. అటకెక్కించినవాళ్ళే దింపాలి అన్నారు. బావ ఒకసారి నన్ను చూశాడు, ఒకసారి అక్కను చూశాడు. స్టూలెక్కి, సూట్‌కేసులు జరిపి, వెనక్కి చేయి దూర్చి పెట్టె లాగాడు. నెత్తిన ఏడాది దుమ్ము, చెవికి సాలెగూడు. ఆ ఇంట్లో కవరు వేయకుండా దాచిన వస్తువు అదొక్కటే.

పెద్దాయన దాన్ని భుజం మీది తువ్వాలుతో తుడిచి తెరిచారు. నేను వాడిన గోళ్ళ కట్టరును చచ్చిన బల్లిని జరిపినట్టు వేలితో పక్కకు జరిపారు. కంటికి భూతద్దం పెట్టుకున్నారు. టీ తాగితే సాసరులో సగం ఒలికే చేతులు ఆయనవి. పనిముట్టు పట్టుకోగానే ఆ వణుకు ఎక్కడికి పోయిందో తెలియదు. సన్నటి రేకు అతుకులో పెట్టి మణికట్టు తిప్పారు. తాళం చప్పుడు లేకుండా తెరుచుకుంది. చిన్న పట్టకారుతో బిళ్ళను అంచులు పట్టి పైకి ఎత్తారు. ఇటు చూశారు. తిప్పి అటు చూశారు. మళ్ళీ ఇటు చూశారు. తర్వాత చిటికెనవేలి గోరు అంచు వెంట నడిపించారు.

బిళ్ళ మీద నుంచి గుండ్రటి, సన్నటి పొర ఒకటి లేచింది. వెనక వైపు నుంచి ఇంకొకటి.

"ఇది ఎవరు వేశారు?" అన్నారు.

బావ నోరు విప్పాడు. ఫోను అద్దానికి వేయించిన పొర కాస్త మిగిలిందట. పారేయడం ఎందుకని, బిళ్ళను దాని మీద పెట్టి, గీత గీసి, గుండ్రంగా కత్తిరించి, రెండు వైపులా బుడగలు లేకుండా అతికించాడట. ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పట్టిందట. గీతలు పడకుండా.

"కడుపులో ఉండేదాన్ని ఎవరు గీస్తార్రా?"

"చెమట పట్టకుండా కూడా నాన్నా."

"దేనికి, తాళానికా?" పెద్దాయన భూతద్దం తీసి కొడుకును వట్టి కళ్ళతో చూశారు. "బిళ్ళకు లోపలి ఇనుము తగిలితేనేరా కరెంటు. దానికి ముసుగేసి పనిచేయమన్నావు. నీళ్ళలో పడిన వాచీలు చూశాను, పిల్లలు మింగి కక్కిన సెల్లులు చూశాను. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఇది మాత్రం చూళ్ళేదు."

ఆ రెండు పొరలనూ పట్టకారుతో తీసి కొడుకు అరచేతిలో పెట్టారు. "దాచుకో. పనికొస్తాయి."

తర్వాత నా వైపు తిరిగారు. "నాలుగుసార్లు తీసి పెట్టావు కదా బాబూ, నీకు కనపడలేదా?"

"మెరుస్తుంటే కొత్తది కదా అనుకున్నానండీ."

"చదువుకున్నావు కదా," అన్నారు. ఆయన మాటలో వెటకారం లేదు. నిజంగానే ఆశ్చర్యపోయారు. బావ ఇన్నేళ్ళుగా డిగ్రీ డిగ్రీ అంటే తగలనిది అప్పుడు తగిలింది.

బిళ్ళను పొడి గుడ్డతో తుడిచి, పెట్టి, మూసి, తాళం అక్క చేతికిచ్చారు. అక్క కిటికీ దాకా కూడా వెళ్ళలేదు. నిలబడ్డ చోటు నుంచే నొక్కింది. కింద వీధిలో కారు రెండుసార్లు కిచ్‌కిచ్‌మంది. అక్క కళ్ళు మూసుకుని, తెరిచి, ఫైలు అందుకుంది.

బావ రబ్బరు తొడుగు పట్టుకుని వెంటపడ్డాడు. "దానికి ఇది తొడగనీ."

"అలాగే ఉండనివ్వండి," అంది అక్క, మెట్లు దిగుతూ.

ఆమెకు అప్పటికి నేర్చుకునేవాళ్ళ లైసెన్సే ఉంది కాబట్టి పక్కన బావ కూర్చోవాలి. వెనక నేనూ, పెద్దాయనా. ఆయన్ను ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. నా పని ఎలా ఉందో చూసుకోవద్దా అంటూ ఎక్కేశారు. మొదటి మలుపులోనే స్టీరింగు మీది కవరు అక్క అరచేతుల్లో జారింది. కారు పక్కకు తీసి ఆపింది. అయిదేళ్ళ కవరును ఒక్క పట్టున చింపి కాళ్ళ దగ్గర పడేసింది. చిరుగుతున్నంతసేపూ బావ కళ్ళు మూసుకునే ఉన్నాడు. తర్వాత దారి పొడుగునా ఎర్రదీపం పడకముందే ఎర్రదీపం అన్నాడు, బస్సు రాకముందే బస్సు అన్నాడు. అక్క అన్నిటికీ ఊఁ అంది. బండి మాత్రం తనకు తోచినట్టే నడిపింది.

పదకొండుకు ఎనిమిది నిమిషాలు ఉండగా చేరాం. పరీక్ష పెట్టే అధికారి బక్కపలచటి మనిషి, చెవి మీద పెన్ను. కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి పక్క అద్దం దగ్గర ఆగాడు. వంగి చూసి, వేలితో రుద్ది, మళ్ళీ చూశాడు.

"ఏమ్మా, ఇందులో మీకు వెనక వచ్చే బండి కనపడుతుందా, దాని ఆత్మ కనపడుతుందా?"

పొర ఉందని అక్క చెప్పింది. తీస్తే పరీక్ష, తీయకపోతే ఇంటికి అన్నాడు అధికారి. వెనక ఇంకా ఆరుగురు వరసలో ఉన్నారు.

అక్క కారు దిగలేదు. కిటికీలోంచి బావను చూసింది. "మీరు తీస్తారా, నన్ను తీయమంటారా?"

స్టీరింగు కవరు గతి ఏమైందో ఆయన చూసే ఉన్నాడు. తానే తీశాడు. గోటితో ఒక మూల లేపి, చిరగకుండా, ముడత పడకుండా, గాయం మీది కట్టు విప్పినంత నిదానంగా ఒలిచాడు. అటువైపు అద్దానిది కూడా ఒలిచాడు. రెండూ నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. అద్దాల్లో వీధి ఒక్కసారిగా దగ్గరికి వచ్చింది.

అధికారి అక్క పక్కన ఎక్కి కూర్చున్నాడు. పన్నెండు నిమిషాలు. స్తంభాల మధ్య నుంచి మెలికలు తిప్పింది. ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా ఎక్కించింది. వెనక్కి నడిపేటప్పుడు ఒకచోట గీత దాటబోయి, అద్దంలో చూసుకుని, ఆగి, సర్దుకుంది. కారు దిగి నా పక్కన నిలబడ్డ పెద్దాయన ఖాళీ మణికట్టు వైపు చూసుకుంటున్నారు, వాచీ ఉన్నట్టే. అధికారి దిగి, వీపుకు అతుక్కున్న చొక్కా లాక్కుంటూ కాగితం మీద సంతకం పెట్టాడు.

"బాగా నడిపారమ్మా. ఆ సీట్ల కవర్లు కూడా పీకేయండి. పరీక్ష మీకు, చెమటలు నాకు."

ఇప్పుడు బావ ఈ సంగతి ఆఫీసులో చెప్పుకుంటున్నాడు. ఆయన కథలో బ్యాటరీ లోపం కనిపెట్టింది ఆయనే, నాన్నగారు సాయం పట్టారు. అయితే నాన్నగారు అనే మాట వచ్చినప్పుడు వాచీలు బాగుచేసేవారు అనే అంటున్నాడు. పెట్టె మళ్ళీ అటకెక్కలేదు. వరండాలో చిన్న బల్ల మీద ఉంది. వీధిలో వాళ్ళు ఆగిపోయిన గడియారాలు తెచ్చి ఇస్తున్నారు. నన్ను పిలవడం మాత్రం తగ్గలేదు. మొన్న మిక్సీ తిరగలేదని పిలిస్తే, నాకు తెలియదు, తెలిసినవాళ్ళను అడుగుదాం అన్నాను. మాట్లాడుతున్నది డిగ్రీయేనా అని బావ ఫోనులో రెండుసార్లు అడిగాడు.

లైసెన్సు కార్డు వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. అక్క అటూ ఇటూ తిప్పి చూసుకుని చేతిసంచిలో వేసుకుంది. బావ బీరువా దగ్గరికి పరుగెత్తాడు. సొరుగులు లాగుతున్న చప్పుడు. కార్డు కొలతకు సరిపడే కవరు ఎక్కడో ఉందట, ఒక్క నిమిషం ఆగమని లోపల నుంచి కేకేశాడు. ఆ వెతుకులాటలో సొరుగులోంచి ఒక బుల్లి జిప్పు కవరు ఎగిరి, గుమ్మం దాటి నా కాళ్ళ దగ్గర పడింది. అందులో రెండు గుండ్రటి పొరలు. కవరు మీద తేదీ కూడా వేశాడు.

ఆయన కవరు పట్టుకుని గేటు దాకా వచ్చేసరికి అక్క నడుపుతున్న మందుల వ్యాను వీధి మలుపు దగ్గర ఉంది. వెనక్కి చూసుకునే అద్దంలో అక్కకు ఆయన కనపడే ఉంటాడు. ఆపలేదు.